ముద్ర చేతులు మారినప్పుడు

రచయితకైనా, గాయకుడికైనా, వ్యాఖ్యాతకైనా పేరే మూలధనం. అచ్చుయంత్రం రాజ్యమేలిన కాలంలో ఆ పేరుకు కాపలాదారులు ఎందరో ఉండేవారు. వ్రాతప్రతి సంపాదకుని బల్ల మీదుగా, కంపోజిటరు చేతుల మీదుగా, ప్రూఫులు దిద్దేవారి కళ్ల ముందుగా నడిచి పాఠకుణ్ణి చేరేది. ఒకరి పేరుతో మరొకరు రాసి అచ్చు వేయించాలంటే ఇంతమందిని ఏమార్చవలసి వచ్చేది. ఈనాడు ఆ అంచెలన్నీ తొలగిపోయి, సృజనకారుడికీ ప్రేక్షకుడికీ నడుమ ఒకే ఒక్క ఖాతా మిగిలింది. ఆ ఖాతాయే అతని ముద్రణాలయం, అతని పత్రిక, అతని తపాలాపెట్టె. ఏళ్ల తరబడి చేసిన కృషిని దాచుకున్న గ్రంథాలయం కూడా అదే. దాని తాళం పరుల చేతికి చిక్కితే ఈ నాలుగూ ఒక్కసారిగా చేతులు మారతాయి.

దేశ రాజధానిలోనూ, దాని పొరుగున ఉన్న నోయిడా, గాజియాబాద్, గురుగ్రామ్, ఫరీదాబాద్ పట్టణాలలోనూ ఇటువంటి ఖాతాల మీద ఆధారపడి జీవించేవారు నేడు పెద్ద సంఖ్యలోనే ఉన్నారు. పోటీ పరీక్షలకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయులు, పాత ఢిల్లీ కట్టడాల చరిత్రను వివరించే యువకులు, భర్త ఉద్యోగరీత్యానో తమ ఉద్యోగరీత్యానో ఇక్కడ స్థిరపడి తెలుగు వంటలనూ పండుగలనూ ప్రపంచానికి చూపించే మహిళలు ఈ కోవలోని వారే. 2024 మార్చి 8న న్యూఢిల్లీలోని భారత్ మండపంలో ప్రధానమంత్రి తొలి జాతీయ సృజనకారుల పురస్కారాలను అందజేయడంతో ఈ వృత్తికి ప్రభుత్వ గుర్తింపు కూడా లభించింది. గుర్తింపు పొందిన వృత్తికి రక్షణ కూడా అవసరం. ఆ రక్షణ ఎవరి నుంచి, దేని కోసం అన్న ప్రశ్నకు సమాధానం ఇదే నగరంలో ఇటీవలి సంవత్సరాలలో జరిగిన కొన్ని సంఘటనలలో దొరుకుతుంది.

2021 డిసెంబరు 12న ప్రధానమంత్రి ట్విట్టర్ ఖాతా కొద్దిసేపు పరాధీనమైంది. బిట్‌కాయిన్‌ను భారతదేశం చట్టబద్ధమైన ద్రవ్యంగా స్వీకరించిందన్న బూటకపు ప్రకటన దాని నుంచి వెలువడింది. నెల తిరగగానే, 2022 జనవరి 12న, సమాచార ప్రసార మంత్రిత్వశాఖ ట్విట్టర్ ఖాతా పేరు ‘ఎలాన్ మస్క్’గా మారిపోయింది. అదే సంవత్సరం ఫిబ్రవరి 15న, పార్లమెంటు కార్యకలాపాలను ప్రసారం చేసే సంసద్ టీవీ యూట్యూబ్ ఛానల్ ‘ఎథీరియం’ అన్న పేరుతో దర్శనమిచ్చింది. ఇక 2024 సెప్టెంబరు 20న సాక్షాత్తూ సుప్రీంకోర్టు యూట్యూబ్ ఛానల్ ‘రిపుల్’ అన్న పేరు ధరించి, ఎక్స్‌ఆర్‌పీ అనే క్రిప్టో ద్రవ్యాన్ని గురించిన దృశ్యాలను ప్రదర్శించింది. న్యాయస్థానం విచారణలను ప్రజలు ప్రత్యక్షంగా చూడవచ్చునని 2018లో తీర్పు వెలువడి, 2022 సెప్టెంబరు 27 నుంచి రాజ్యాంగ ధర్మాసనాల ప్రసారాలు ప్రారంభమైన తర్వాత జరిగిన సంఘటన ఇది. రాజ్యాంగ వాదప్రతివాదాలు వినిపించవలసిన చోట అంగడి కేకలు వినిపించాయి.

ఈ సంఘటనలలో చివరి మూడింటికీ సామాన్యమైన అంశం ఒకటి ఉంది. దొంగ ముందుగా చేసిన పని పేరు మార్చడం. మామూలు దొంగ సొత్తును మోసుకుపోతాడు. ఇక్కడి దొంగ సొత్తును ఉన్నచోటనే ఉంచి, గుమ్మం మీది పేరుపలకను మార్చాడు. పాత పేరుతో అతనికి పని లేదు. ఆ పేరు చాలాకాలంగా కూడగట్టిన ప్రేక్షకులు మాత్రం అతనికి కావాలి. పంపిన సొమ్ముకు రెట్టింపు తిరిగి ఇస్తామని ఒక సంస్థ పేర ఆశ చూపే ప్రసారానికి శ్రోతలు ముందే సిద్ధంగా ఉండాలి. కొత్తగా తెరిచిన ఛానల్‌కు వారు ఉండరు. అందువల్లనే ఎవరో ఏళ్లకొద్దీ శ్రమించి సంపాదించిన విశ్వాసాన్ని అతడు ఒక పూట అద్దె లేకుండా వాడుకుంటాడు. ఏ సంస్థ పేరును ఎర వేస్తున్నారో ఆ సంస్థ కూడా ఇందులో బాధితురాలే. తన పేరుతో ఇటువంటి మోసాలు జరుగుతున్నాయని రిపుల్ సంస్థ 2020లోనే అమెరికాలో యూట్యూబ్‌పై దావా వేసింది. మరుసటి ఏడు ఆ వ్యవహారం రాజీతో ముగిసింది. ఒక పేరు జనాన్ని పోగుచేయడానికీ, మరొక పేరు వారిని నమ్మించడానికీ ఉపయోగపడుతున్నాయన్నమాట.

ఈ వ్యాపారం ఎంత వ్యవస్థితమైనదో గూగుల్ పరిశోధకులు 2021 అక్టోబరులో ప్రకటించిన నివేదిక వెల్లడించింది. 2019 చివరి నుంచి యూట్యూబ్ సృజనకారులపై సాగిన దాడులను వారు పరిశీలించారు. ప్రకటనల కోసం సంప్రదిస్తున్నట్లు నటించే ఈ-మెయిల్ ఖాతాలు సుమారు 15 వేలు, ఇందుకోసమే నమోదు చేసిన వెబ్‌సైట్ల పేర్లు వెయ్యికి పైగా వారి దృష్టికి వచ్చాయి. అపహరించిన ఛానళ్లు, చందాదారుల సంఖ్యను బట్టి, 3 డాలర్ల నుంచి 4 వేల డాలర్ల వరకు ధర పలికాయి. సుమారు 4 వేల ఖాతాలను యజమానులకు తిరిగి ఇప్పించినట్లు ఆ నివేదిక పేర్కొంది. ఒకరి పదేళ్ల శ్రమకు అంగడిలో పలికే ధర ఇంతేనన్నది ఇందులోని విషాదం.

దొంగ వచ్చే తీరు తెలిస్తే గాని రక్షణోపాయాలలోని ఔచిత్యం బోధపడదు. నోయిడాలో ఒక తెలుగు గృహిణి ఉన్నదనుకుందాం. గోంగూర పచ్చడి మొదలు అట్లతద్ది నోము వరకు చూపించే ఛానల్ ఆమెది. ఒకనాడు ఆమెకు మర్యాదగా రాసిన ఉత్తరం ఒకటి వస్తుంది. దృశ్యాలను కూర్చే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసే సంస్థ తరఫున అన్నట్లు ఉంటుందా ఉత్తరం. ఆమె కార్యక్రమాన్ని మెచ్చుకుంటుంది. రెండు నిమిషాల ప్రస్తావనకు తగిన పారితోషికం ఇస్తామంటుంది. ముందుగా తమ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించి చూడమని లింకు పంపుతుంది. ఆ ఫైలును పాస్‌వర్డ్‌తో బిగించి పంపుతారు, ఎందుకంటే వైరస్‌లను పసిగట్టే పరికరాలు లోపలికి తొంగి చూడలేవు. ఆమె దానిని తెరుస్తుంది. తెరపై ఏమీ కనిపించదు, లేదా నిజంగానే ఏదో సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. ఆ కొద్ది క్షణాలలో ఆమె బ్రౌజర్‌లో భద్రంగా ఉన్న ఒక చిన్న గుర్తు దొంగకు చేరిపోతుంది.

ఆ గుర్తుకు సాంకేతిక పరిభాషలో కుకీ అని పేరు. పాస్‌వర్డ్ ఇచ్చి, ఫోనుకు వచ్చిన ఓటీపీ కూడా ఇచ్చి ఒకసారి లోపలికి ప్రవేశించిన వారిని, పేజీ మారిన ప్రతిసారీ మళ్లీ ప్రశ్నించకుండా గుర్తుపట్టడానికి ఏర్పడిన సదుపాయం అది. పరిచయం ఉన్నవారికి రాజద్వారంలో ఇచ్చే ముద్రిక వంటిది. ముద్రిక చూపినవారిని ద్వారపాలకుడు ఆపడు. అది ఎవరి వేలికి ఉండవలసినదో విచారించడు.

సంస్కృత నాటకాలతో పరిచయం ఉన్నవారికి ఇక్కడ విశాఖదత్తుని ముద్రారాక్షసం తప్పక స్ఫురిస్తుంది. నంద మంత్రి రాక్షసుడు మేధావి, స్వామిభక్తుడు. అతని భార్య వేలి నుంచి జారిన ముద్రాంగుళీయకం చాణక్యుని గూఢచారికి దొరుకుతుంది. చాణక్యుడు ఒక లేఖ రాయించి, దానిపై ఆ ఉంగరంతో ముద్ర వేయిస్తాడు. లేఖలోని మాటలు రాక్షసునివి కావు, కాని ముద్ర అతనిదే. ఆ ముద్రను చూసి మలయకేతువు తన మంత్రినే అనుమానించి దూరం చేసుకుంటాడు. రాక్షసుని బుద్ధిబలం గాని నిజాయితీ గాని అతణ్ణి ఆ ప్రమాదం నుంచి కాపాడలేకపోయాయి. కుకీని పోగొట్టుకున్న సృజనకారుని స్థితి సరిగ్గా ఇదే. పాస్‌వర్డ్ ఎంత కఠినమైనదైనా, ఓటీపీ ఎంత భద్రమైనదైనా, వాటిని దాటి వచ్చిన తర్వాత లభించిన ముద్రిక పోతే ఆ రెండూ మౌనసాక్షులుగా మిగిలిపోతాయి.

ఇది కేవలం సాంకేతిక జ్ఞానం లేనివారికి కలిగే ఆపద అనుకోవడం పొరపాటు. కెనడాకు చెందిన లైనస్ టెక్ టిప్స్ అనే ఛానల్ కంప్యూటర్ల గురించి లోకానికి పాఠాలు చెప్పేది. అప్పటికే కోటిన్నరకు పైగా చందాదారులు కలది. ప్రకటన ఒప్పంద పత్రంలా కనిపించిన ఒక ఫైలును సిబ్బందిలో ఒకరు తెరిచిన ఫలితంగా 2023 మార్చి 23న ఆ ఛానల్ ‘టెస్లా’ పేరుతో పరుల పాలైంది. అక్కడా పోయింది పాస్‌వర్డ్ కాదు, ముద్రికే.

అపరిచితుల ఉత్తరాలు తెరవవద్దని హితవు చెప్పడం సులభం. కాని అపరిచితుల ఉత్తరాలే జీవనాధారమైన వృత్తి ఇది. ప్రకటనకర్తా, సభకు ఆహ్వానించే సంస్థా, పాఠం అర్థం కాలేదని రాసే విద్యార్థీ అందరూ మొదట అపరిచితులే. తలుపు మూసుకుంటే దొంగతో పాటు జీవనోపాధి కూడా బయటే నిలిచిపోతుంది. కనుక ఆలోచించవలసింది తలుపు మూయడం గురించి కాదు, ఇంటిలోని గదులను వేరుచేయడం గురించి. వెనుకటి ఇళ్లలో వచ్చినవారిని కూర్చోబెట్టడానికి వీధి అరుగు ఉండేది; ధాన్యపు గది లోపలెక్కడో ఉండేది. అరుగు మీదికి ఎవరైనా రావచ్చు. ధాన్యపు గది దాకా మాత్రం అందరూ రారు.

ఈ సూత్రాన్ని ఖాతాలకు అన్వయించడం కష్టమేమీ కాదు. లోకానికి ప్రకటించే ఈ-మెయిల్ చిరునామా వేరు, ఛానల్‌ను నడిపే చిరునామా వేరుగా ఉండాలి. రెండవది ఎవరికీ తెలియనవసరం లేదు. ఉత్తరాలూ వాటితో వచ్చిన ఫైళ్లూ తెరిచే కంప్యూటర్‌లో ఛానల్ ఖాతా తెరిచి ఉండకూడదు. రెండు కంప్యూటర్లు కొనే స్తోమత లేనివారు అటువంటి ఫైళ్లను తమ కంప్యూటర్‌లోకి దింపుకోకుండా ఉండటమే మేలు. నిజమైన ప్రకటనకర్త తన ప్రతిపాదనను ఉత్తరంలోనే రాయగలడు. ముందుగా ఫలానా సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించుకోవలసిందేనని పట్టుబట్టేవాణ్ణి ఆ పట్టుదలే పట్టిస్తుంది. సంస్థ అధికారిక వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు స్వయంగా ఫోను చేసి విచారించడానికి పది నిమిషాలు చాలు.

సహాయకులకు పాస్‌వర్డ్ చెప్పడం మరొక బలహీనత. దృశ్యాలను కూర్చేవారికి, వ్యాఖ్యలకు జవాబిచ్చేవారికి వారి పని మేరకే అనుమతి ఇచ్చే ఏర్పాటు యూట్యూబ్‌లో ఉంది. పని ముగిసిన రోజున ఆ అనుమతిని ఉపసంహరించవచ్చు. పాస్‌వర్డ్ మాత్రం ఒకసారి చెప్పిన తర్వాత వెనక్కి రాదు. ఆదాయం పొందే ఛానళ్లకు రెండంచెల ధ్రువీకరణను యూట్యూబ్ 2021 నవంబరు 1 నుంచి తప్పనిసరి చేసింది. ఆ రెండవ అంచెగా ఫోనుకు వచ్చే సంక్షిప్త సందేశం కంటే, 2023 మే నుంచి గూగుల్ ఖాతాలకు అందుబాటులోకి వచ్చిన పాస్‌కీ గాని, జేబులో ఉంచుకునే భద్రతా కీ గాని ఎక్కువ మేలు. ఓటీపీని నకిలీ పేజీలో కూడా పొరపాటున టైపు చేయవచ్చు. పాస్‌కీ తాను పుట్టిన వెబ్‌సైట్‌కు తప్ప మరొకదానికి జవాబివ్వదు. అయితే పాస్‌కీ సైతం ప్రవేశద్వారాన్నే కాపాడుతుంది. చేతిలోని ముద్రికను కాపాడుకోవలసింది యజమానే. పని ముగియగానే ఖాతా నుంచి బయటికి రావడం, ఏయే పరికరాలలో తన ఖాతా తెరిచి ఉన్నదో వారానికొకసారి చూసి తెలియనివాటిని తొలగించడం ఇందుకు మార్గాలు. ఫోను పోయినప్పుడు ఉపయోగపడే పది సంకేత సంఖ్యలను గూగుల్ ఇస్తుంది. వాటిని కాగితం మీద రాసి పెట్టెలో దాచుకోవడం పాత పద్ధతే కావచ్చు, కాని అంతర్జాలంలోని దొంగ చెక్కపెట్టెను తెరవలేడు.

ఇంత జాగ్రత్త దేనికన్న ప్రశ్నకు డబ్బు ఒక్కటే జవాబు కాదు. సంసద్ టీవీ ఉదంతంలో ఆ రోజు ఛానల్‌ను చూడబోయినవారికి, నియమావళిని ఉల్లంఘించినందున ఈ ఖాతాను రద్దు చేశామన్న యూట్యూబ్ సందేశం ఎదురైంది. దోషం దొంగది, దండన యజమానిది. ముద్ర ఎవరిదో శిక్ష వారికే అన్న మలయకేతువు తీర్పు యంత్రయుగంలోనూ మారలేదు. సంసద్ టీవీకి, సుప్రీంకోర్టుకు అధికార యంత్రాంగం అండగా ఉంది. వారి ఛానళ్లు త్వరలోనే తిరిగి వారి వశమయ్యాయి. ఆ నోయిడా గృహిణి పరిస్థితి అది కాదు. ఆమె మాట వినవలసిన సంస్థకు, ఆమెయే అసలు యజమాని అని మొదట రుజువు కావాలి. రుజువులన్నీ పోయిన ఖాతాలోనే ఉంటాయి. అందుకే ఛానల్ ప్రారంభించిన తేదీ, ఛానల్ గుర్తింపు సంఖ్య, ఆదాయం జమ అయిన పత్రాలు ముందుగానే విడిగా దాచుకోవడం అవసరం.

ఆమె చేయవలసిన మరొక పని ఉంది. అది నిజానికి మొదటి పని. ఖాతా తన చేతిలో లేదని, అందులో వచ్చే మాటలు తనవి కావని, అందుబాటులో ఉన్న ప్రతి మార్గంలోనూ తన ప్రేక్షకులకు తెలియజేయాలి. పరువు పోతుందని మౌనం వహించిన ప్రతి గంటా ఆమెను నమ్మినవారిలో ఎవరో ఒకరు సొమ్ము పోగొట్టుకోవచ్చు. ఏళ్ల తరబడి ఆమె వంట చూసి, ఆమె మాట విని, ఆమెను తమ ఇంటి ఆడపడుచుగా భావించినవారే దొంగకు లక్ష్యం. ఖాతాను కాపాడుకోవడం స్వార్థం కాదని, అది చూపరుల పట్ల బాధ్యత అని చెప్పడానికి ఇంతకంటే కారణం అక్కరలేదు.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టానికి 2008లో చేసిన సవరణ, ఒకరి పాస్‌వర్డ్‌ను గాని విశిష్ట గుర్తింపును గాని మోసపూరితంగా వాడటాన్ని 66సి సెక్షను కింద, కంప్యూటర్ సాయంతో మారువేషం వేసి మోసగించడాన్ని 66డి సెక్షను కింద నేరాలుగా నిర్వచించింది. రెండింటికీ మూడేళ్ల వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. రాజధాని ప్రాంతవాసులకు ఎదురయ్యే ప్రత్యేకమైన చిక్కు పోలీసు పరిధి. ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, హర్యానా పోలీసు యంత్రాంగాలు మూడూ వేర్వేరు. నోయిడాలో కాపురం, ఢిల్లీలో కార్యాలయం, గురుగ్రామ్‌లో స్టూడియో ఉన్నవారు ఏ గుమ్మం తొక్కాలన్న సందేహంలోనే విలువైన కాలాన్ని కోల్పోవచ్చు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ఈ సందేహానికి సమాధానమిచ్చింది. నేరం ఎక్కడ జరిగినదన్న దానితో నిమిత్తం లేకుండా ఏ పోలీసు స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల లోపు సంతకం చేయాలి. 2019 నుంచి పనిచేస్తున్న జాతీయ సైబర్ నేరాల ఫిర్యాదు పోర్టల్ ఇంటి నుంచే అందుబాటులో ఉంది. సొమ్ము పోయిన పక్షంలో 1930 నంబరుకు వెంటనే ఫోను చేయడం ముఖ్యం. సామాజిక మాధ్యమ సంస్థ ఫిర్యాదుల అధికారి ఇచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోతే, 2023 జనవరిలో కేంద్రప్రభుత్వం ఏర్పాటు చేసిన అప్పిలేట్ కమిటీలను 30 రోజుల లోపు ఆశ్రయించవచ్చు.

ఖాతా తిరిగి వచ్చినా, అందులోని కృషి తిరిగి వస్తుందన్న భరోసా లేదు. తాళ్లపాక కవుల సంకీర్తనలు ఈనాడు వినబడుతున్నాయంటే, వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో ఒక అరలో భద్రపరచిన దూరదృష్టే కారణం. గొంతులు మరచిపోయిన పాటలను కూడా ఆ రేకులు శతాబ్దాల పాటు మోశాయి. ఈనాటి సృజనకారులకు రాగి అక్కరలేదు. తమ ఛానల్‌లోని దృశ్యాలను, శీర్షికలతో వివరణలతో సహా, కొన్ని వేల రూపాయలకు దొరికే హార్డ్ డిస్కులో దింపి ఇంట్లో ఒకటి, బంధువుల ఇంట మరొకటి ఉంచుకోవచ్చు. ఒక అమ్మమ్మ చెప్పిన పద్ధతిలో చేసిన వంటకం, ఒక పల్లెలో ఆఖరి తరం పాడిన పెళ్లిపాట ఏకైక ప్రతిగా ఒక కంపెనీ కంప్యూటర్‌లో ఉండటం సంస్కృతికి శ్రేయస్కరం కాదు.

ఈ హెచ్చరిక వ్యక్తులకే పరిమితం కాదు. గ్రంథాలయాలు, అకాడమీలు, సాహితీ సంఘాలు, ప్రభుత్వ కార్యాలయాలు అన్నీ నేడు ప్రసారకర్తలే. కొన్నిచోట్ల ఖాతా తాత్కాలిక ఉద్యోగి సొంత ఫోను నంబరుతో ముడిపడి ఉండటం, అతడు వెళ్లిపోయిన తర్వాత తాళం ఎవరి దగ్గర ఉన్నదో ఎవరికీ తెలియకపోవడం అసంభవమేమీ కాదు. బదిలీ అయిన అధికారి బీరువా తాళాలను, నిల్వల రిజిస్టరును, కార్యాలయపు రబ్బరు ముద్రను లెక్క చూసి అప్పగించి సంతకం చేయడం చిరకాలపు ఆచారం. ఆ జాబితాలో మరొక వరుస చేర్చవలసి ఉంది: సంస్థ పేరున ఉన్న ఖాతాలు, వాటికి అనుసంధానించిన ఫోను నంబర్లు, అనుమతి కలిగిన వ్యక్తులు, దాచిన ప్రతులు ఉన్న చోటు. రబ్బరు ముద్రను మేజా సొరుగులో పెట్టి తాళం వేసే అలవాటు ఉన్న కార్యాలయానికి ఈ ముద్రను కాపాడుకోవడం కొత్త విద్య కాబోదు.